మెల్లకోళ్ల అత్తయ్య

మా అత్తయ్య కోడిని చేతుల్లోకి తీసుకుంటే చాలు, దాని భవిష్యత్తు చెప్పేస్తుంది. బొటనవేలితో రొమ్ము ఎముక పొడవునా ఒకసారి నిమిరి, "ఇది ఇంకో నెల ఆగాలి" అంటుంది. లేదంటే, "దీని ఎదుగుదల అయిపోయింది, ఇక ఎంత మేపినా దండగే" అంటుంది. త్రాసులో పెట్టి చూస్తే ఆవిడ చెప్పిన బరువుకూ అసలు బరువుకూ గుప్పెడు గింజల తేడా కూడా రాదు. మనుషుల్నీ ఆ చేత్తోనే అంచనా కడుతుంది. నా పెళ్లైన కొత్తలో మా ఆయన భుజం పట్టుకుని చూసి, "పర్వాలేదే కోడలా, నిదానంగా ఒళ్లు చేస్తాడు" అంది. పన్నెండేళ్లయినా ఆ మాట ఎత్తితే ఆయన ఉడుక్కుంటాడు.

ఆవిడ మా నాన్నకు అక్క. ఊరి చివర, లారీలు బాగుచేసే షెడ్ల వెనక వాళ్ల ఇల్లు. ముందు గది, వంటగది, దాన్ని ఆనుకుని పిల్లల గది. పిల్లల గది అంటే కోడిపిల్లల గదే. వాళ్లకు వేరే పిల్లలు లేరు. ఆ గది దాటితే రెండు రేకుల షెడ్లు, చుట్టూ వల కట్టిన గడ్డి నేల. నేను కళ్లద్దాల షాపులో పనిచేస్తాను. ఆదివారం సెలవు రోజున నా కాళ్లు వాటంతట అవే అత్తయ్య ఇంటిదారి పడతాయి. ఆ ఇంట్లో అడుగు పెట్టగానే నాకు సగం నిద్ర ముంచుకొస్తుంది. ఊక వాసన, వెచ్చటి తడి గాలి, కిటికీ ఎండలో ఎటూ తేల్చుకోలేక తిరిగే సన్నటి నూగు, ఎక్కడో ఒక పెట్ట తనలో తాను గొణుక్కునే చప్పుడు. నాకసలే ముక్కు మీద కోపం. అక్కడ కూర్చుని ఆ గొణుగుడు వింటూ ఉంటే నా కోపం ఎవరి మీదో కూడా మర్చిపోతాను.

వాళ్లు పెంచేది బజారులో దొరికే తెల్లకోళ్లు కాదు. ముదురు ఇటుక రంగు ఈకలు, నల్లటి కాళ్లు, వెడల్పాటి రొమ్ము. ఆరున్నర నెలలు తిని తిరిగితే గానీ కోతకు రావు. తెల్లకోడి ఆరు వారాల్లో తయారైపోతుంది. "పాపం, తాను పుట్టిన సంగతి దానికి తెలిసేలోపే పళ్లెంలో ఉంటుంది" అనేవాడు మావయ్య. తన కోళ్లకు ఆయన పెట్టుకున్న పేరు మెల్లకోళ్లు. పెళ్లైన ఏడాదే, పెంపకం మానుకుంటున్న ఒక ముసలావిడ దగ్గర ఒక పుంజునూ మూడు పెట్టల్నీ తెచ్చాడట. "వీటిలో ఇంకేదీ కలపకు నాయనా" అని ఆవిడ చెప్పి పంపించిందట. ఆ ఒక్క మాట కోసం ముప్ఫై ఏళ్లు కాపలా కాశాడు.

మెల్లకోళ్లనే నమ్ముకుంటే పొయ్యిలో పిల్లి లేవదు. అందుకని వాటికి బజారు జాతి రక్తం కొంచెం కలిపి ఇంకో మంద తయారుచేశాడు. అవి కాస్త ముందుగా ఎదుగుతాయి. వాటి పేరు తొందరకోళ్లు. తొందరవి అమ్మకానికి, మెల్లవి వంశం నిలపడానికి. మెల్లవాటిలో మిగిలిపోయిన పుంజులు మాత్రం పెద్ద బజారులో హోటల్ నడిపే వంటమాస్టారికి వెళ్లేవి. ఆయన వాటిని పసిపిల్లల్లా ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లేవాడు. చూడటానికి రెండు మందలూ ఒకటే. పుట్టిన రోజున అయితే కన్నతల్లి కూడా తేడా చెప్పలేదు.

అందుకే గుర్తు. పిల్ల గుడ్డులోంచి బయటపడి ఒళ్లు ఆరగానే మావయ్య దాని కాలివేళ్ల మధ్య ఉండే పల్చటి పొరకు ఆవగింజంత బెజ్జం కొట్టేవాడు. ఒక కాలికి కొడితే మెల్లకోడి, రెండో కాలికి కొడితే తొందరకోడి. ఆ బెజ్జం చచ్చేదాకా పూడదు. చలికాలమంతా రెండు మందలూ ఒకే షెడ్డులో ఒకదాన్నొకటి ఒరుసుకుని వెచ్చగా ఉంటాయి. చలి విరగగానే కాళ్లు చూసి విడదీయడం, ఏ పుంజును ఏ పెట్టలతో ఉంచాలో తేల్చడం ఆయన పని. గుడ్లు పొదిగే మిషన్లో పెట్టడం, రోజూ తిప్పడం, మేత కలపడం, కోత, శుభ్రం అత్తయ్య పని. ఆయన వెలుగు కోసం కిటికీ వైపు తిరిగి బల్ల ముందు కూర్చునేవాడు. అత్తయ్య మిషను వైపు తిరిగి. ముప్ఫై ఏళ్లు ఒకే గదిలో ఒకరికొకరు వీపులు పెట్టుకుని పనిచేశారు. హాయిగా పనిచేశారు, ఆ సంగతి కూడా చెప్పాలి.

నాలుగేళ్ల కిందట చలికాలం నడుమ మావయ్య మంచాన పడ్డాడు. ఊపిరితిత్తుల జబ్బు. ఆస్పత్రిలో మాట్లాడే ఓపిక మిగిలిన చివరి రోజున అత్తయ్యను దగ్గరికి పిలిచి, "చలి తగ్గాక విడదియ్యాలి. గుర్తుల బొమ్మ తలుపు వెనక ఉంది. మెల్లవి చెయ్యి దాటిపోకుండా చూసుకో" అన్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ముప్ఫై ఏళ్ల కాపురం కదా, ప్రేమగా ఇంకేమైనా అంటాడేమోనని ఎదురుచూశాను. అత్తయ్య మాత్రం అదే ప్రేమ మాట అయినట్టు నెమ్మదిగా తలూపింది.

ఆ ఏడాది చలి తగ్గాక అత్తయ్య ఒక్కతే రెండు రోజులు కూర్చుని మందను విడదీసింది. తలుపు వెనక అట్ట మీద మావయ్య పెన్సిలుతో గీసిన బొమ్మలు రెండు. ఒక్కో బొమ్మలో జతగా రెండు కాళ్లు, మూడేసి వేళ్లు. ఒక బొమ్మలో కుడివైపు కాలికి చుక్క పెట్టి కింద 'ఉంచాలి' అని రాసి ఉంది. ఇంకో దానిలో ఎడమవైపు చుక్క, కింద 'అమ్మాలి'. బొమ్మ చూస్తూ, కోడిని చూస్తూ, కళ్లు కాయలు కాచేలా కూర్చుని పూర్తిచేసింది. ఉంచాల్సినవి ఉంచింది, అమ్మాల్సినవి ఆ ఏడాది వంటమాస్టారి హోటల్‌కే మామూలు సరుకుగా అమ్మింది. తరవాత వచ్చిన పిల్లలకు తానే గుర్తులు వేసింది. ఆవిడ చేతుల గురించి చెప్పాను కదా. ఆ చేతులతో ఒక్క పిల్ల కూడా కిక్కురుమనలేదు.

అప్పటినుంచే ఆవిడకు నోరు రుచి పోయింది. ఏడాదిలో నాలుగైదుసార్లు తమ మందలోంచి ఒక పుంజును కోసి, ఉప్పూ నీళ్లూ తప్ప ఇంకేం వేయకుండా సన్న సెగ మీద పూటంతా ఉడికించుకుని తినడం వాళ్లిద్దరి అలవాటు. ఆ అలవాటును ఆవిడ ఒంటరిగా కొనసాగించింది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలి, కంచం పక్కకు జరిపేసేది.

"ఉప్పు తప్ప ఏం తెలీడం లేదే. ఆయన పోయాక నాకు ఏదీ రుచించడం లేదు."

మా అమ్మ ఓదార్చింది. డాక్టరు నాలుక బయట పెట్టమని చూసి బలానికి మాత్రలు రాశాడు. నేను మహా తెలివిగా, "అది నాలుక కాదత్తయ్యా, మనసు" అన్నాను. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నన్ను నేనే రెండు తగిలించుకోవాలనిపిస్తుంది.

వంటమాస్టారు కూడా సణిగేవాడు. "అక్కా, సూపులో ఆ కమ్మదనం రావడం లేదు. నా పొయ్యి లోపమో, నా చెయ్యి లోపమో" అని తల గోక్కునేవాడు. మావయ్యా ఆయనా మంచి స్నేహితులు. "ఆయనకూ నాలాగే బెంగ పట్టుకుంది" అని అత్తయ్య జాలిపడేది. ఇంకో చిత్రం ఏమిటంటే, మంద మాత్రం ముందుకంటే ఏపుగా ఎదుగుతోంది. ఆరున్నర నెలలకు రావాల్సిన బరువు ఐదు నెలలకే వచ్చేస్తోంది. అత్తయ్య దానికి లోలోపల మురిసిపోయింది. "మీ మావయ్య మేత దగ్గర పిసినారి. ఇప్పుడు నా చెయ్యి పడింది కదా, చూడు" అనేది. నేనూ తందాన అన్నాను. మందను కళ్లతో చూడలేదని కాదు. చూసినదాన్ని పొగడ్తగా తీసుకున్నాం, అంతే.

నాలుగో వసంతంలో ఒక ఆదివారం, పిల్లలు బయటపడే రోజు. ఆ రోజు ఆ గదిలో మాటలు తక్కువ. మిషన్లోంచి లోపలి పిల్లలు పెంకును పొడుచుకునే చప్పుడు వాన మొదలయ్యే ముందు రేకు మీద చినుకుల్లా వినిపిస్తుంది. పెంకులో ఒక చీలిక వస్తుంది, ఆగుతుంది, లోపలున్నది అలిసిపోయి పడుకుంటుంది, మళ్లీ మొదలుపెడుతుంది. చూస్తూ ఉంటే మన ఊపిరి కూడా దానితో పాటే ఆగి ఆగి నడుస్తుంది. నేను గోడకు ఆనుకుని స్టూలు మీద కూర్చుని కునికిపాట్లు పడుతున్నాను. అత్తయ్య మిషను పక్కనే నిలబడి, ఆరిన పిల్లను అరచేతిలో నిలబెట్టుకుని, దాని వీపు తనవైపు ఉండేలా పట్టుకుని, వెనకనుంచి కాలికి బెజ్జం కొడుతోంది.

కిటికీ పక్కన మావయ్య ఫోటో ఉంది. ఎప్పుడో మా ఆయన తీసింది. బల్ల ముందు కూర్చుని మావయ్య పిల్లకు గుర్తు వేస్తున్నాడు. ఆ ఫోటోను నేను కొన్ని వందలసార్లు చూశాను. మనిషిని చూశాను గానీ చేతుల్ని చూడలేదు. ఆ రోజు సగం నిద్రలో చేతుల్ని చూశాను. ఎడమ అరచేతిలో పిల్ల వెల్లకిలా పడుకుని ఉంది. తల అవతలికి, కాళ్లు మావయ్య వైపు.

"అత్తయ్యా, మావయ్య పిల్లను వెల్లకిలా పట్టుకునేవాడా?"

"ఆ, ఎప్పుడూ అంతే. వెల్లకిలా వేస్తే నిద్రపోయినట్టు ఊరుకుంటుంది, నొప్పి తెలీదు అనేవాడు. నాకు భయమే, ఎక్కడ జారి పడుతుందోనని. నా పద్ధతి నాది."

"పెద్ద కోళ్లను కూడా అలాగే చూసేవాడా?"

"ఒళ్లో వెల్లకిలా వేసుకుని చూసేవాడు. ఎందుకే?"

కళ్లద్దాల షాపులో చేరిన మొదటి రోజున మాకు నేర్పే మొదటి పాఠం ఒకటుంది. ఎదురుగా కూర్చున్నవాడి కుడికన్ను మన ఎడమచేతి వైపు ఉంటుంది. అది తెలియక అద్దాలు తారుమారు చేసి నేను ఒకసారి యజమాని చేత చివాట్లు తిన్నాను. నిద్ర ఎగిరిపోయింది. తలుపు వెనక బొమ్మను చూశాను, ఫోటోను చూశాను, అత్తయ్య చేతిని చూశాను. ఆలోచించి చెబుదామన్న ఇంగితం లేకుండా నోరు జారాను.

"మావయ్య బొమ్మ తనకు కనిపించినట్టే కదా గీసింది. వెల్లకిలా ఉన్న పిల్లకు కుడివైపు కనిపించేది దాని ఎడమకాలు కదా అత్తయ్యా."

ఆవిడకు వెంటనే అర్థం కాలేదు. అప్పుడే గుర్తు వేసిన పిల్లను వెనకనుంచి చూసింది. బెజ్జం కుడివైపు. దాన్ని మెల్లగా వెల్లకిలా తిప్పింది. బెజ్జం ఎడమవైపుకు వచ్చింది. మళ్లీ తిప్పింది. మళ్లీ కుడివైపు. అలా ఎన్నిసార్లు తిప్పిందో. పిల్ల ఆవిడ చేతిలో కళ్లు మూసుకుంది.

"అంటే" అంది చివరికి, "ఉంచాల్సినవన్నీ నేను..."

"మొదటి ఏడాది" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"వంటమాస్టారి బండి ఎక్కించాను. చేతులారా."

అంతవరకూ నేను అత్తయ్యకు కోపం రాగా చూడలేదు. ఆ రోజు వచ్చింది. ఫోటో వైపు తిరిగి నడుం మీద చేతులు పెట్టుకుని, "ముప్ఫై ఏళ్లు! ఒక్కసారి ఇటు తిరిగి, ఇదిగో ఇలా పట్టుకుని చూడాలి అని చెప్పలేకపోయారా? అంత నోరు రాలేదా?" అంది. తరవాత నా వైపు తిరిగింది. "నేనైనా లేచి వెళ్లి ఒకసారి ఆ పక్కన నిలబడలేదు చూడు. ఎంతసేపూ టీ గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేయడమే." ఆ తరవాత పిల్లలకు నీళ్లు పెట్టింది. గిన్నె వైపు చూడకుండా పోసి నీళ్లన్నీ ఊకలో ఒలకబోసింది. నాకు నా నాలుక కోసేసుకోవాలనిపించింది.

వంశం పోయినట్టే అనుకున్నాం. వంటగది గుమ్మం దగ్గర గంపలోంచి గొణుగుడు వినిపించేదాకా నాకు గుర్తే రాలేదు. ఆ గంపలో ఉండేదాని పేరు ఆయమ్మ. ముసలి పెట్ట. ఎవరి గుడ్లయినా సరే, ఆఖరికి బంతి పెట్టినా సరే, రెక్కలు పరిచి పొదిగేస్తుంది. అమ్మాల్సిన గుర్తు ఉన్నా, పొదుగుడుకు పనికొస్తుందని అత్తయ్య దాన్ని బండెక్కించకుండా అట్టేపెట్టుకుంది. ఇద్దరం ఒకేసారి గంప దగ్గరికి నడిచాం. అత్తయ్య దాన్ని ఒళ్లో వెల్లకిలా వేసుకుంది. అది కాళ్లు ముడుచుకుని పడుకుంది. ఎడమకాలి పొరలో బెజ్జం. మావయ్య కొట్టింది.

"నాలుగేళ్లుగా నా కాళ్లకు అడ్డం పడుతూనే ఉందే" అంది అత్తయ్య. రొమ్ము ఎముక వెంట బొటనవేలు నడిపింది. ఆ వేలు సగంలో ఆగిపోయింది. మందలో మిగతా వాటిని పట్టుకున్నప్పుడు నాలుగేళ్లుగా ఆ చేతికి తెలియనిది ఏదో అప్పుడు తెలిసినట్టుంది.

పెట్ట ఉంది సరే, పుంజు కావాలి. మర్నాడు నేను షాపుకు సెలవు చెప్పి అత్తయ్యతో పాటు హోటల్‌కు వెళ్లాను. వంటమాస్టారు గరిటె పట్టుకునే కథంతా విన్నాడు. విని, చూపులు అటూ ఇటూ తిప్పాడు.

"నిజం చెప్పమంటావా అక్కా? ఆ ఏడాది నువ్వు పంపిన మామూలు సరుకు అద్భుతం. మంచివాటికంటే మామూలువి బాగున్నాయి. నాకప్పుడే తెలిసింది."

"తెలిసీ ఒక్క మాట చెప్పలేదేం?"

"మామూలువి అంత బాగుంటే ఏ వంటవాడైనా నోరెత్తుతాడా అక్కా?"

నేను ఆయన్ని నాలుగు దులుపుదామని కొంగు బిగించాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అన్నీ కోసేశావా?" అని మాత్రం అడిగింది. ఆయన గరిటె కింద పెట్టి, "ఒకటి మాత్రం మా అత్తగారి దగ్గర ఉండాలి" అన్నాడు. మేడ మీద పూలకుండీల్లో పురుగులు పడుతున్నాయి, ఏరి తినడానికి ఒక కోడి కావాలని ఆవిడ అడిగితే అప్పటి సరుకులో నెమ్మదస్తుణ్ణి చూసి ఇచ్చాడట.

మేడ మెట్లెక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది. పైన కుండీలు, ఆరేసిన దుప్పట్లు, ఎండ. దుప్పట్ల మధ్యనుంచి గాలి వచ్చినప్పుడల్లా ఆ మేడంతా ఎటో కదిలి వెళ్తున్నట్టుంది. కుర్చీలో కూర్చున్న పెద్దావిడ, "అల్లుడూ! ఇటు రా!" అని కేకేసింది. వంటమాస్టారూ తలెత్తాడు, కుండీ చాటునుంచి ఒక పుంజూ తలెత్తింది. ఆవిడ పిలిచింది పుంజును.

"అదేం పేరు పిన్నిగారూ?" అంది అత్తయ్య.

"పొద్దున లేచిన దగ్గర్నుంచీ గొంతు చించుకోవడం తప్ప పనేం చెయ్యడు. పెట్టింది తిని ఛాతీ విరుచుకు తిరుగుతాడు. మరేం పేరు పెట్టమంటావు?"

వంటమాస్టారు కుండీలు చూస్తూ నిలబడ్డాడు. అత్తయ్య నేల మీద కూర్చుని ఆ పుంజును ఒళ్లోకి తీసుకుని వెల్లకిలా తిప్పింది. ఎడమకాలు. బెజ్జం. తరవాత పెద్దావిడకు మొత్తం చెప్పింది, తన పొరపాటు ఒక్క వీసమెత్తు కూడా దాచకుండా.

"మీరు దాచి ఉంచబట్టి ఇది మిగిలింది. నా ఇంట్లో ఉంచుకోవాల్సినదాన్ని నేనే పోగొట్టుకున్నాను. రెండు నెలలు మా ఇంటికి పంపండి పిన్నిగారూ."

పెద్దావిడ మొదట ససేమిరా అంది. తరవాత అత్తయ్య ముఖం చూసింది. "ఆదివారం ఆదివారం వచ్చి చూస్తాను" అంది. "అల్లుడు చిక్కాడో, నేను ఊరుకునే రకం కాదు."

అల్లుడూ ఆయమ్మా ఇద్దరూ వయసు మళ్లిన వాళ్లే. అల్లుడికి ఒంటి బరువుతో కదలడమే కష్టం. ఆయమ్మ మూడు రోజులకో గుడ్డు పెడితే గొప్ప. మొదట ఏడు గుడ్లు చేరాయి. అత్తయ్య వాటిని మిషన్లో పెట్టి, వారం తరవాత పగటిపూటే కిటికీకి దుప్పటి కట్టి గది చీకటి చేసింది. మూతకు బెజ్జం పెట్టిన డబ్బాలో టార్చిలైటు. ఆ బెజ్జం మీద గుడ్డును ఆనిస్తే లోపలంతా కనిపిస్తుంది. జీవం ఉంటే ఎర్రటి నరాలు, నడుమ నల్లటి చుక్క. లేకపోతే ఉత్త పసుపు వెలుగు. ఏడు గుడ్లూ ఒక్కొక్కటిగా చూశాం. ఏడింటిలోనూ వెలుగు తప్ప ఏమీ లేదు. అత్తయ్య వాటిని వరసగా గిన్నెలో పెట్టేసి, దుప్పటి విప్పకుండా అక్కడే కూర్చుంది.

"మధ్యాహ్నం కునుకు తీస్తే ఒకటే కల వస్తోందే" అంది ఆ చీకట్లో. "ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉంటారు, అటు తిరిగి. నేను టీ తెస్తాను. ముఖం చూద్దామంటే అటు వెళ్లడానికి దారి ఉండదు. బల్లకూ గోడకూ మధ్య సందు ఉండదు. గ్లాసు పెట్టి వచ్చేస్తాను. నిన్న మాత్రం గ్లాసు పెట్టి రాలేదు. ఆయన భుజం మీదుగా వంగి చూశాను."

"ఏం కనిపించింది?"

"ఏదీ? పుంజు కూసింది, మెలకువ వచ్చేసింది. అల్లుడి గొంతు సంగతి పిన్నిగారు ఊరికే అనలేదు."

ఇద్దరం నవ్వుకున్నాం. మేత మార్చింది అత్తయ్య. మొలకెత్తిన గింజలు, సన్నగా తరిగిన ఆకు, రోజూ సాయంత్రం వాళ్లిద్దరికీ ఎండపొడ తగిలేచోట విడిగా తిరుగుడు. పెద్దావిడ చెప్పినట్టే ఆదివారం ఆదివారం వచ్చి అల్లుణ్ణి ఎత్తి చూసి, "బాగానే మేపుతున్నావులే" అని వెళ్లేది. రెండో విడతలో ఆరు గుడ్లు. మళ్లీ దుప్పటి, మళ్లీ చీకటి. మొదటిది ఖాళీ. రెండోది ఖాళీ. మూడో గుడ్డును అత్తయ్య బెజ్జం మీద పెట్టి, అలాగే ఉండిపోయింది. వేళ్ల సందుల్లోంచి ఎర్రటి వెలుగు ఆవిడ ముఖం మీద పడింది. లోపల సన్నటి నరాలు చెట్టు వేళ్లలా పాకి ఉన్నాయి. నడుమ చుక్క కదులుతోంది. ఎంతసేపు చూశామో నాకు తెలియదు. గుడ్డు చల్లబడుతుందని ఆవిడే చటుక్కున తీసి మిషన్లో పెట్టింది.

ఆ విడతలో మూడు, తరవాతి విడతలో నాలుగు. మొత్తం ఏడు పిల్లలు బయటపడ్డాయి. ఒక్క జంటతోనే వంశం ఇరుకైపోతుందని, అల్లుణ్ణి మందలోని మంచి పెట్టలతో కూడా విడిగా ఉంచి, వాటి పిల్లలకు వేరే గుర్తు పెట్టింది. ఆ లెక్క తేలడానికి ఇంకో ఏడెనిమిదేళ్లు పడుతుందట. "తొందరేముంది" అంది.

మొదటి పిల్లకు గుర్తు వేసిన రోజున ఆవిడ మిషను దగ్గర నిలబడలేదు. వెళ్లి మావయ్య కుర్చీలో కూర్చుంది, కిటికీ వైపు తిరిగి. పిల్లను ఎడమ అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టుకుంది. అది రెండుసార్లు కాళ్లు ఆడించి, కళ్లు మూసేసింది. కిటికీ వెలుగులో ఆ కాలి పొర ఎంత పల్చగా ఉందంటే అవతల ఆవిడ వేలు కనిపిస్తోంది.

"ఇలా కనిపించేదన్నమాట ఆయనకు" అంది. కుడివైపు కనిపించే కాలికి బెజ్జం కొట్టింది. నేను ఈసారి ఆవిడ పక్కనే నిలబడి చూశాను. చెప్పించుకుని మరీ చూశాను.

ఏడింటిలో మూడు పుంజులు. ఆరున్నర నెలలు గడిచాక అత్తయ్య మూడింటినీ ఒళ్లో వేసుకుని రొమ్ములు నిమిరి చూసింది. రెండింటిని వంశానికి ఉంచింది. మూడోది కోతకు. దాన్ని వంటమాస్టారు అడిగాడు, కాళ్లావేళ్లా పడ్డాడు. ఇవ్వలేదు. ఉప్పూ నీళ్లూ వేసి, పొద్దున పొయ్యి మీద పెట్టింది. మధ్యాహ్నానికి ఇల్లంతా ఒక వాసన అలుముకుంది. ఆ వాసన ఆ ఇంట్లో ఎప్పుడో ఉండేదని నాకు అప్పటిదాకా గుర్తు లేదు. చిన్నప్పుడు సెలవులకు వచ్చి ఆ వంటగది గడప మీద కూర్చుని ఉన్నట్టు, మావయ్య చేతులు కడుక్కుని లోపలికి వస్తున్నట్టు అనిపించి ఒకసారి తలుపు వైపు చూశాను. అత్తయ్య కూడా అటే చూస్తోంది.

ఇద్దరికీ వడ్డించింది. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుని నమిలింది. నేను నా కంచం ముట్టుకోకుండా ఆవిడనే చూస్తున్నాను.

"ఇదే" అంది.

నేనూ తిన్నాను. ఎముక దగ్గరి మాంసం గట్టిగా, తియ్యగా, నమిలే కొద్దీ నోరంతా పరుచుకుంది. సంబరం పట్టలేక, "చూశావా, నీ నాలుకకు ఏ రోగమూ లేదు, నీ మనసుకూ లేదు! కోడిదే తప్పంతా!" అని అరిచాను.

ఆవిడ తలూపింది. తింటూనే ఉంది. తింటూ తింటూ ఏడవడం మొదలుపెట్టింది. మావయ్య పోయినప్పుడు కూడా ఆవిడ అలా ఏడవగా నేను చూడలేదు.

"ఇన్నాళ్లూ ఆయన లేకే రుచి లేదనుకున్నానే" అంది. "ఇది మళ్లీ దొరికితే అంతా సర్దుకుంటుందనుకున్నాను. చూడు, రుచి వచ్చేసింది. ఎంత బాగుందో. ఆయనే రాలేదు."

నాలుకనీ మనసనీ నేను ఈసారి ఏ తెలివీ ప్రదర్శించలేదు. లేచి ఆవిడ కంచంలో ఇంకో రెండు ముక్కలు వేశాను. కళ్లు తుడుచుకుని తినేసింది.